గొర్రెపిల్లకు స్ట్రాబెర్రీ వాసన

నిన్న చేవెళ్ళ నుంచి మొయినాబాద్ వెళ్ళే బస్సులో నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. అప్పుడే తలంటుకుని బయల్దేరినట్టుంది, జుట్టు ఇంకా తడిగానే ఉంది. కిటికీలోంచి గాలి కొట్టినప్పుడల్లా ఆ జుట్టులోంచి స్ట్రాబెర్రీ షాంపూ వాసన వచ్చి నా ముఖానికి తగులుతోంది. పాపం, ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. ఆ వాసన బాగాలేదని కూడా అనను, బస్సులో సగం మంది దాన్ని ఇష్టంగానే పీల్చి ఉంటారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నా స్టాపు రాకముందే లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ వాసన వచ్చిందంటే నాకు ఒక చచ్చిపోయిన గొర్రెపిల్ల గుర్తొస్తుంది. చెయ్యని దొంగతనానికి గేటు పక్కన నేలమీద కూర్చోబెట్టిన యెల్లవ్వ గుర్తొస్తుంది. ఆ ఇద్దరి కోసం కొట్లాడిన మా వసుంధర మేడమ్ గుర్తొస్తుంది.

వసుంధర మేడమ్ పశువుల డాక్టరు. చేవెళ్ళకూ మొయినాబాద్‌కూ మధ్య ఒక ఊళ్ళో ఉన్న పశువుల దవాఖానలో ఆమె చాలా ఏళ్ళు పనిచేశారు. నా మొదటి ఉద్యోగం ఆమె దగ్గర సహాయకురాలిగా. మేడమ్ పుట్టింది షాబాద్‌లో, మాట పక్కా అక్కడి మాట, పట్నంలో చదువుకున్నా దాని అంచు కూడా మారలేదు. పోయిన వానాకాలం ఆమె చనిపోయారు. సంతాప సభలో మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ ఒకే మాట అన్నాడు. కొంచెం కోపం ఎక్కువ గానీ బంగారంలాంటి మనిషి అని. నేను వెనక వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. ఆమె కోపాన్ని పక్కన పెడితే ఇంక ఆమెలో మిగిలేదేమిటి? ఆమెకు కోపం ఊరికే రాలేదు, ప్రతిసారీ ఎవరో ఒకరు తెప్పించారు. ఆ తెప్పించినవాళ్ళ గురించి మైకులో ఒక్కరూ మాట్లాడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె కోపం మొదట తగిలింది నాకే. ఉద్యోగంలో చేరిన రోజు నేను శుభ్రంగా తయారై వెళ్ళాను. ముఖానికి పౌడరు, తలకు మల్లెనూనె, పైన మూరెడు మల్లెపూలు. మేడమ్ బల్ల మీంచి తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూశారు. "పెండ్లికొచ్చినవా, పనికొచ్చినవా?" అన్నారు. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. "పో, బోరింగ్ కాడ మొఖం, చేతులు మంచిగ కడుక్కొని రా. పూలు ఆడనే పెట్టు" అన్నారు. కొత్తగా చేరిన మనిషిని అందరి ముందూ అలా అంటారా అని నాకు ఏడుపొచ్చింది. ఆ కోపంలో బోరింగు పిడిని విరగ్గొట్టేంత గట్టిగా కొట్టి ముఖం కడుక్కున్నాను. మధ్యాహ్నం చాయ్ తాగేటప్పుడు ఆమె తనంతట తనే మొదలుపెట్టారు. క్షమాపణలాంటిది చెబుతారనుకున్నాను. ఆమె చెప్పింది ముక్కు గురించి.

"ముక్కుల పైకి, కండ్ల నడుమ, ఇంత జాగల ఒక పలుచటి పొర ఉంటది" అని బొటనవేలి గోరు చూపించారు. ఆ పొరలో లక్షలాది నరాల కణాలుంటాయి. ఒక్కొక్క కణం మీద వాసనను పట్టుకునే గ్రాహకం ఒక్క రకమే ఉంటుంది. మనుషుల్లో అలాంటి రకాలు నాలుగు వందల చిల్లర. గొర్రెలకూ కుక్కలకూ ఎలుకలకూ అంతకన్నా చాలా ఎక్కువ. నేను మధ్యలో అడ్డుపడి, "అంటే మేడమ్, ఒక్కో వాసనకు ఒక్కో గ్రాహకమా? మరి వాసనలు వేలకొద్దీ ఉంటాయి కదా" అన్నాను. ఆమె ముఖం మొదటిసారి వెలిగింది.

"అదే గద మతలబు. మీ వాడకట్టు యాదికి తెచ్చుకో. పొద్దుమూకితే అరుగుల మీద మంది కూసొని ఉంటరు. వాడలకు మీ మేనమామొస్తె ఎవరు లేస్తరు? మీ ఇంటోళ్ళు నలుగురు, ఆయన దోస్తు ఒకడు. సర్పంచి వస్తే ఇంకో పదిమంది లేస్తరు, దాంట్ల మీ ఇంటోళ్ళు కూడ ఉండొచ్చు. నువ్వు వచ్చిన మనిషిని చూడనే అక్కెర లేదు. ఎవరెవరు లేచిండ్రో చూస్తే చాలు, వచ్చింది ఎవరో చెప్పొచ్చు. వాసన అణువు కూడ అంతే. అది ముక్కులకు వస్తే కొన్ని గ్రాహకాలు లేస్తయి, కొన్ని సగం లేస్తయి, కొన్ని కూసుంటయి. ఆ లెక్క మెదడు చదువుకుంటది. గా లెక్కనే వాసన."

తర్వాత నా తల వైపు చూపించి, మల్లెపూలలో ఉండే ఒక పదార్థం పెంటలో కూడా ఉంటుందని చెప్పారు. కొంచెం ఉంటే సువాసన, ఎక్కువైతే కంపు, ఎందుకంటే అణువులు పెరిగేకొద్దీ లేచే గ్రాహకాలూ పెరుగుతాయి. నేను ఠక్కున తల తడుముకున్నాను. ఆమె ఫక్కున నవ్వారు. "జడుసుకోకు. ఆ గ్రాహకాలకు ఛీ అనుడు తెల్వదు. ఏం వచ్చిందో చెప్తయి, అంతే. కుళ్ళింది గిట్ల కొన్నిటికి పుట్టుకతోనే తల తిప్పుకుంటం, గది వేరు. మిగిలిన ఛీ అంతా మనకు ఎవరో నేర్పింది." నా పౌడరు మీద ఆమెకున్న అభ్యంతరం అప్పుడు తెలిసింది. పుండు చీము పట్టిందో లేదో, గేదెకు జబ్బు చేసిందో లేదో ఆమె మొదట ముక్కుతోనే పసిగట్టేవారు. నా మల్లెనూనె ఆ పనికి అడ్డం. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు పనికి వెళ్ళేటప్పుడు నేను పౌడరు రాసుకోలేదు.

ఆ ఛీ అనే మాట ఆమెను ఎంతగా కాల్చేదో కొన్నాళ్ళకు బస్సులో చూశాను. ఒక ఊళ్ళో అడ్డం తిరిగిన దూడను బయటికి తీసి, మేమిద్దరం అలసిపోయి బస్సెక్కాం. చేతులు కడుక్కున్నాం గానీ బట్టలకు అంటింది అంటినట్టే ఉంది. ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, కండక్టర్ని పిలిచి, వీళ్ళను వెనక్కి పంపమన్నాడు. నాకు సిగ్గుతో తల వాలిపోయింది. మేడమ్ మాత్రం లేవలేదు. "అన్నా, పొద్దుగాల చాయ్ తాగినవా?" అని అడిగారు. ఆయన తెల్లబోయి తాగానన్నాడు. "గా చాయల పాలు గీ వాసన నుంచే వచ్చినయి. పాలు తాగేటప్పుడు లేని ఛీ ఇప్పుడెందుకొచ్చింది నీకు?" అన్నారు. బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆయన్ని గెలిచినందుకు ఆమెకు సంతోషమేమీ లేదు. నేను తల దించుకున్నందుకు మాత్రం బాధపడ్డారు. "నువ్వేం తప్పు చేసినవని కిందికి చూసినవే?" అని బస్సు దిగాక నన్ను అడిగారు.

ఇక యెల్లవ్వ సంగతి. మొయినాబాద్ దాటాక రోడ్డుకిరువైపులా ఫారం హౌసులు లేచిన రోజులవి. అలాంటి ఒకదాని యజమాని, పచ్చిక మీద మేస్తుంటే చూడ్డానికి బాగుంటుందని, కొన్ని గొర్రెలు కొన్నాడు. వాటిని చూసుకోవడానికి ముడిమ్యాల నుంచి యెల్లవ్వను పెట్టుకున్నాడు. యెల్లవ్వ కూలి చేసుకుని బతికే మనిషి. బర్రెలు తెలుసు గానీ గొర్రెలు ఆమెకూ కొత్తే. ఒకరోజు యజమాని మా దవాఖానకు ఫోన్ చేశాడు. "మా దగ్గర రెండు గొర్రెలు ఈనాయి. పనామె పాలన్నీ దొంగతనంగా పిండుకుని పోతోంది. లాంబ్స్ ఆకలికి చచ్చిపోతున్నాయి. మీరు వచ్చి చూసి అదే చెప్పాలి, నేను పోలీస్ కంప్లైంట్ ఇచ్చాను" అన్నాడు. జబ్బేమిటో డాక్టరుకు యజమానే ముందుగా చెప్పేశాడన్నమాట. మేడమ్ ఫోన్ పెట్టేసి బండి తాళం తీసుకున్నారు.

మేము వెళ్ళేసరికి యెల్లవ్వ గేటు పక్కన నేల మీద కూర్చుని ఉంది. నీడ కూడా లేదు. పోలీసులు వచ్చేదాకా కదలొద్దని యజమాని హుకుం. లోపల ఆయన మాకు ఫోన్‌లో కెమెరా వీడియో చూపించాడు. యెల్లవ్వ గొర్రె కింద చెంబు పెట్టి పాలు పిండుతోంది. చెంబు కొంగు చాటున పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్ళిపోతోంది. "క్లియర్ కదా మేడమ్?" అన్నాడాయన. మేడమ్ ఫోన్ ఆయన చేతికిచ్చేసి, గొర్రెల దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు గొర్రెల పొదుగులూ పట్టి చూశారు. నన్నూ పట్టి చూడమన్నారు. రాయిలా బిగిసి, వేడిగా ఉన్నాయి. ఎవరో రోజూ పాలు దోచుకుపోతే పొదుగు అలా ఉండదు. పిల్లలు తాగక పాలు నిలిచిపోతేనే అలా ఉంటుంది.

గొర్రెపిల్లలు దాణా గదిలో గోనెసంచి మీద ఉన్నాయి. ఒకటి లేచి నిలబడింది, ఇంకొకటి మెడ కూడా ఎత్తడం లేదు. పక్కనే యెల్లవ్వ చెంబు, పాలలో ముంచిన గుడ్డపేలిక. కెమెరా ఆ గదిలోకి చూడదు. నేను లేచిన పిల్లను ఎత్తుకుని, "ఎంత శుభ్రంగా ఉంది మేడమ్, మంచి వాసన కూడా వస్తోంది" అన్నాను. అలాంటి సమయంలో నేనన్న మాట అది! మేడమ్ నా చేతిలోంచి పిల్లను లాక్కుని దాని వీపు మీద ముక్కు పెట్టారు. తోక కింద పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎవరికి మంచి వాసన?" అన్నారు.

మేడమ్ ఇంట్లోవాళ్ళనూ, గేటు దగ్గరున్న యెల్లవ్వనూ అడిగితే అప్పుడు బయటపడింది. మూడు రోజుల కిందట యజమాని కూతురి పుట్టినరోజు. ఫోటోల్లో ముద్దుగా పడాలని, పుట్టి ఒక్కరోజు కూడా నిండని ఆ పిల్లలకు ఇంట్లోవాళ్ళు స్ట్రాబెర్రీ షాంపూ పెట్టి తలంటారు. రెండుసార్లు. డ్రయ్యర్‌తో ఆరబెట్టి మెడకు రిబ్బన్లు కట్టారు. ఆ రోజు యెల్లవ్వ అక్క మనవడి పుట్టువెంట్రుకలని ముడిమ్యాలలో ఉంది. మర్నాడు వచ్చేసరికి తల్లులు పిల్లల్ని కుమ్మి తోసేస్తున్నాయి. అంతమంది చుట్టాల దిష్టి తగిలిందనుకుని ఆమె మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. అయినా తల్లులు రానివ్వకపోతే చెంబులో కాసిని పాలు పిండి, గుడ్డపేలికతో పిల్లల నోట్లో పిండింది. కొంగు చాటున పట్టుకున్నది కూడా దిష్టి తగలకూడదనే. ఇదంతా యెల్లవ్వను ఒక్కసారి అడిగితే తెలిసేది. అంతవరకూ ఎవరూ అడగలేదు. వీడియో ఉన్నాక మనిషిని అడగడమెందుకు?

మేడమ్ పచ్చిక మీద నిలబడి యజమానికి చెప్పారు. గొర్రె ఈనగానే పిల్లను నాకుతూ దాని వాసనను నేర్చుకుంటుంది. కాసేపటికే ఆ పిల్లది ఏ వాసనో దాని మెదడులో స్థిరపడిపోతుంది. ఆ తర్వాత అదే వాసన వస్తేనే పొదుగు ఇస్తుంది, లేకపోతే పరాయి పిల్లే. "మీ షాంపూ ఆ వాసనను కడిగేసింది. పైంగ ఊరేగింపు లెక్క దిగింది. వాడల బ్యాండుమేళం దిగినంక అందరు లేస్తరు సార్. అంత మందిల తన బిడ్డ కోసం లేచినోళ్ళు ఎవరో తల్లికి ఎట్ల తెల్వాలె? మీ కెమెరాకు కండ్లున్నయి గానీ ముక్కు లేదు. మీకు రెండూ ఉన్నయి." యజమాని భార్య అక్కడే ఉంది. "మురికిగా ఉన్నాయని, ప్రేమతోనే కదా కడిగాం" అంది. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. మేడమ్ ఆమె మీద కోప్పడలేదు. "ప్రేమతోనే చేసిండ్రమ్మా. యెల్లవ్వ కూడ ప్రేమతోనే పిండింది. మీది ఫోటో అయింది, ఆమెది కేసయింది" అన్నారు. ఆ మాటకు యజమాని ముఖం గంటు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర నుంచి యెల్లవ్వను మేడమే చెయ్యి పట్టుకుని లేపి తెచ్చారు. "దిష్టి కాదు, ఏం కాదు, మిరపకాయలు దండుగ చేసినవ్" అని ఆమెను కూడా ఓ మాట అన్నారు. ముగ్గురం కలిసి పిల్లల్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగాం. షాంపూ వాసన తగ్గేదాకా కడుగుతూనే ఉన్నాం. తర్వాత ఏ పిల్లకు ఆ తల్లి పాలే పిండి, వీపు నుంచి తోక దాకా రుద్దాం. ఇరుకు దొడ్లో తల్లినీ పిల్లనూ కలిపి కట్టి, తల్లిని కదలకుండా పట్టుకుని పిల్లకు పొదుగు పట్టించాం. పడిపోయిన పిల్ల తాగలేదు. అది సాయంత్రానికి యెల్లవ్వ ఒళ్ళోనే చచ్చిపోయింది. రెండోది తాగింది. తల్లి మొదట కాలితో తన్నింది, కుమ్మబోయింది. పొద్దు వాలుతుండగా ఎందుకో తల వెనక్కి తిప్పి పిల్ల తోక కింద వాసన చూసింది. మళ్ళీ చూసింది. గొంతులోనే సన్నగా, తన పిల్లకు తప్ప ఎవరికీ వినిపించనక్కర్లేదన్నట్టుగా ఒక చప్పుడు చేసింది. మేడమ్ తాడు వదిలేశారు. తల్లి కదలకుండా నిలబడింది.

కథ ఇక్కడ సుఖాంతమని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ కంప్లైంట్ అలాగే ఉంది. పాలు పిండిన మాట నిజమే కదా అని యజమాని మొండికేశాడు. మర్నాడు పొద్దున యెల్లవ్వను స్టేషన్‌కు పిలిచారు. మేడమ్ దవాఖాన నాకప్పగిస్తారనుకున్నాను, నన్నూ రమ్మన్నారు. అక్కడ ఎస్సై మంచిగానే మాట్లాడాడు. "సార్ పెద్ద మనసు చేసుకున్నరు మేడమ్. గొర్రెపిల్ల చచ్చిపోయినా సరే, ఆమెను మాఫ్ చేస్తున్నరు. కేసు లేదు, ఏం లేదు. ఇగ పొమ్మనుండ్రి" అన్నాడు. యజమాని కుర్చీలో వెనక్కి వాలి తలాడించాడు. యెల్లవ్వ గబగబా లేచి రెండు చేతులూ జోడించింది. నాకు హమ్మయ్య అనిపించింది.

"యెల్లవ్వా, కూసో" అన్నారు మేడమ్. "చేతులు దించు."

యెల్లవ్వ భయంగా కూర్చుంది. మేడమ్ యజమాని వైపు తిరిగారు. "దేనికి మాఫ్ చేస్తున్నరు సార్?"

"లీవ్ ఇట్ మేడమ్. అయిపోయింది కదా."

"మీకు అయిపోయింది. ఆమె దొంగతనం చెయ్యలే. చెయ్యని పనికి మాఫీ ఎట్లుంటది? మాఫ్ చేసినం అనకుండ్రి. ఆమె తప్పు చెయ్యలే అనుండ్రి."

ఎస్సై, సమస్య తెగిపోయాక మళ్ళీ ఎందుకు సాగదీయడం అన్నాడు. యజమాని వాచీ చూసుకున్నాడు. దవాఖాన దగ్గర మా కోసం జనం ఎదురుచూస్తూ ఉంటారని నేను మెల్లగా గుర్తు చేశాను. మేడమ్ కుర్చీలోంచి కదలలేదు. గొంతు కూడా పెంచలేదు, అంతవరకూ ఆమెను అలా చూడలేదు నేను. చాలాసేపటికి యజమాని విసుగ్గా, "ఓకే, షీ డిడ్ నథింగ్ రాంగ్. హ్యాపీ?" అన్నాడు. "తెలుగుల చెప్పుండ్రి. నాకు కాదు, ఆమెకు" అన్నారు మేడమ్. ఆయన చెప్పాడు. యెల్లవ్వ వైపు చూడకుండా, గోడకు చెప్పినట్టుగా, "ఆమె తప్పేం లేదు" అన్నాడు. అంతే అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ వారమే ఆయన మేడమ్ మీద పై అధికారులకు ఫిర్యాదు చేశాడు, దురుసుగా ప్రవర్తిస్తుందని, ఒంటి మీద వాసనతో ఇంట్లోకి వచ్చిందని. ఆమె సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. తల్చుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరిగిపోతుంది.

స్టేషన్ మెట్లు దిగుతూ యెల్లవ్వ, "ఎందుకు మేడమ్ అంత లొల్లి? మాఫ్ చేసిండంటే ఇంటికి పోయేదాన్ని గద" అంది.

"పోయి వాడల ఏం చెప్తుండె?"

"సారు మాఫ్ చేసిండని."

"అంటే?"

యెల్లవ్వ నిలబడిపోయింది. గేటు దగ్గర ఎండలో కూర్చోబెట్టినప్పుడు ఏడవని మనిషి, గొర్రెపిల్ల ఒళ్ళో పోయినప్పుడు ఏడవని మనిషి, ఆ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మేడమ్ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. నాకు వాళ్ళిద్దరి ముందు నిలబడటం చేతకాక నేనూ కూర్చున్నాను.

ఇప్పుడు నేను పనిచేసే చోటి చుట్టుపక్కల విల్లాలు పెరిగాయి. పోయిన నెల మోకిల దగ్గర ఒక కాలనీ వాళ్ళు, పక్క పొలంలో మేకలు పెంచుకునే ఒకామెను మీటింగుకు పిలిపించారు. కాలనీ అంతా వాసన వస్తోందని, చూసి చెప్పమని నన్నూ రమ్మన్నారు. వెళ్ళి చూస్తే ఆ వాసన వాళ్ళ సొంత మురుగు కాలువది. ఆ మాట చెప్పాక, సరేలే, ఈసారికి ఆమెను వదిలేస్తున్నాం అన్నారు. ఆమె అప్పుడే లేచి చేతులు జోడించబోతోంది. ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "వదిలేసినం అనకండి. వాసన ఆమె మేకలది కాదు అనండి" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చాయ్ తెప్పించారు. నాకు కోపం కొంచెం ఎక్కువని వెనక ఎవరో గొణిగారు. నేను చాయ్ ముట్టలేదు, కుర్చీలోంచి లేవలేదు, వాళ్ళలో ఒకరు ఆమె వైపు తిరిగి ఆ మాట ఆమెకు చెప్పేదాకా.